మోగితే తప్పు నర్సుది

ఆస్పత్రి క్వార్టర్స్,
వంటింటి బల్ల దగ్గర నుంచి

మా ఆడపడుచుకి,

ఫోన్ చెయ్యకుండా వదిన ఉత్తరం రాసిందేమిటా అని ముక్కున వేలేసుకుంటున్నావేమో. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. మోగే వస్తువు ఏది కనపడినా దాని గొంతు పిసకాలనిపిస్తోంది. మొన్న కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడి లేచి, ఎవరి ఊపిరి ఆగిందోనని హాల్లోకి పరిగెత్తాను. అక్కడ మీ అన్నయ్య నిక్షేపంగా పేపరు చదువుకుంటున్నారు. అయినా నమ్మకం కుదరక నాడి పట్టుకుని చూశాను. ఇన్నేళ్ళకి పెళ్ళాం చెయ్యి పట్టుకుందని ఆయన మురిసిపోయారు. సంగతి తెలిశాక మొహం చిన్నబుచ్చుకుని, వెళ్ళి కాలింగ్ బెల్ తీగ పీకేశారు. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా తలుపు తట్టాలి, అదీ మెల్లిగా.

ఐసీయూలో హెడ్ నర్సునంటే అందరూ గౌరవంగా చూస్తారు. లోపలికొచ్చి ఒక పూట కూర్చుంటే ఆ గౌరవం కాస్తా జాలి అయిపోతుంది. ప్రతి మంచం పక్కనా ఒక మానిటర్. గుండె తడబడినా మోగుతుంది, రోగి దగ్గినా మోగుతుంది, వేలికి పెట్టిన క్లిప్పు జారినా అదే మోత. సెలైన్ పంపు అయిపోవచ్చిందని అరుస్తుంది, అయిపోయిందని అరుస్తుంది, కొత్తది పెడితే ఎందుకు పెట్టావని అరుస్తుంది. నిజంగా పరిగెత్తాల్సిన మోత ఏ నూటికో ఒకటి ఉంటుంది. ఆ ఒక్కటి ఏదో కనిపెట్టడమే మా ఉద్యోగం. బట్టల దుకాణం ఆవిడ ఒకామె ఆపరేషన్ అయి కోలుకుంటోంది. కంటి మీద కునుకు లేక నన్ను పిలిచి, ఇంటికి పంపించెయ్యమని, పోతే ప్రశాంతంగా పోతానని అడిగింది.

ఇదంతా నీకెందుకంటే, ఆ మానిటర్లు మీ కంపెనీవి. వాటికి గొంతులు తయారుచేసే గదిలో కూర్చునేది నువ్వు. మా పెళ్ళయిన కొత్తలో నా వంటకి పేరుపేరునా వంకలు పెట్టావు, కొత్త కోడల్ని కాబట్టి నోరు మూసుకున్నాను. ఇప్పుడు నీ వంటకి వంకలు పెట్టే వంతు నాది. దమ్ముంటే వీటిని మార్చు. చేతకాకపోతే ఒక నెల వచ్చి నా వార్డులో కూర్చో.

ఒళ్ళు మండిపోతున్న
నీ వదిన


కంపెనీ, శబ్దాల గది

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు పకపకా నవ్వాను. బట్టల దుకాణం ఆవిడ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

నేనున్న గది గోడలన్నిటికీ స్పాంజి అంటించి ఉంటుంది. బయట లారీ వెళ్ళినా లోపలికి వినపడదు. మీ చెవులు చిల్లులు పడే మోతలన్నీ ఈ నిశ్శబ్దంలోనే పుడతాయి. ఇక్కడ విన్నప్పుడు ఒక్కొక్కటీ ముద్దుగానే ఉంటుంది. పది కలిసి ఒకేసారి అరిస్తే ఎలా ఉంటుందో ఈ గదిలో ఎవరూ విని చూడరు.

నన్ను తిట్టే ముందు ఇది విను. ఎవరూ అడగకపోయినా కొన్నాళ్ళుగా కొత్త మోతలు తయారుచేస్తున్నాను. క్లిప్పు జారితే మెషీన్ వెంటనే గోల పెట్టదు. కాస్త ఆగి మళ్ళీ చూసుకుంటుంది, దానంతటదే సర్దుకుంటే నోరెత్తదు. గుండెకి ఒక గొంతు, ఊపిరికి ఒక గొంతు, మందు అయిపోతే గ్లాసుకి చెంచా తగిలినట్టు ఒకే ఒక్క చప్పుడు. అది కూడా ముందు హాలంతా వినపడదు. ఆ మంచం చూసే నర్సు నడుముకి ఉన్న చిన్న బిళ్ళ అదురుతుంది. ఆమె రాకపోతేనే పైకి మోగుతుంది.

మా మేనేజర్ కళ్ళు మూసుకుని అన్నీ విని, చాలా బాగున్నాయన్నాడు. తర్వాత కంపెనీ లాయరుని పిలిచాడు. ఆయన నాకు కుర్చీ చూపించి, కాఫీ తాగుతారా అన్నంత మర్యాదగా చెప్పాడు:

"మెషీన్ మోగి, నర్సు చూడకపోతే తప్పు నర్సుది. మెషీన్ ఆగి చూస్తూంటే, ఆ కాసేపట్లో ఏదైనా జరిగితే తప్పు మనది. కాబట్టి మోగనివ్వండమ్మా."

అంతే, నా పని సొరుగులోకి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళాక నేను దాన్ని మళ్ళీ బయటికి తీశాను. చిన్నప్పుడు అన్నయ్య ఆటలోకి రానివ్వలేదని బంతి తీసుకుని చెట్టెక్కి కూర్చున్నదాన్ని, ఈ లాయరొక లెక్కా? శబ్దాలన్నీ పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. ఏది దేనికో రాయలేదు. మీ వాళ్ళకి వినిపించి, విన్నవాళ్ళు ఏమనుకున్నారో ఉన్నదున్నట్టు రాయి. మొహమాటం వద్దు. నీకు అది ఎలాగూ లేదనుకో.

నీ
అర్ధరూపాయంత పొగడ్త కోసం ఎదురుచూసే ఆడపడుచు


ఆస్పత్రి, నర్సుల గది

అమ్మాయ్,

మీ అన్నయ్య కంప్యూటర్‌లో పెట్టి అందరం విన్నాం. గుండెది ఇట్టే తెలిసిపోయింది. చెంచా చప్పుడు బాగుంది కానీ, అది వినగానే సగంమంది టీ వచ్చిందని లేచారు. దాన్ని మార్చు. ఊపిరిది మాత్రం అన్నిటికన్నా బాగుంది. సగంలో తెగిపోయే ఆ నిట్టూర్పుకి అందరం తలలెత్తి చుట్టూ చూశాం. మా పిచ్చుక అయితే లేచి నిలబడింది. పిచ్చుకంటే మా వార్డులో అందరికన్నా చిన్న నర్సు. బక్కపలచగా ఉండి, ఒకచోట నిలవకుండా గెంతుతూ తిరుగుతుందని నేనే ఆ పేరు పెట్టాను. నీకు అర్ధరూపాయి కాదు, రూపాయి పొగడ్త ఇస్తున్నాను, దాచుకో.

ఇక్కడిదాకా వారం కిందట రాశాను. ఇక రాయబోయేది సరదా సంగతి కాదు.

ఐదో మంచంలో ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఆయన వేలి క్లిప్పు జారుతూనే ఉంది, మానిటర్ మోగుతూనే ఉంది. మా వార్డులో ఒక అలవాటుంది. నేను చేరకముందు నుంచీ ఉంది, నీకు తెలిసిన ఏ వార్డులో చూసినా ఉంటుంది. ఒకరి చేతులు ఖాళీ లేనప్పుడు, వాళ్ళ మంచం మోగితే పక్కనుంచి వెళ్ళేవాళ్ళు బటన్ నొక్కి నోరు మూయిస్తారు. అది సాయం. మేము ఒకరికొకరం చేసుకునే మర్యాద. నొక్కినవాళ్ళు, ఇది ఉత్తుత్తి మోతే, ఆ మంచం నర్సు ఎలాగూ చూసుకుంటుందనుకుంటారు. ఆ మంచం నర్సు, మోత ఆగింది కాబట్టి ఎవరో చూసే ఆపారనుకుంటుంది.

ఐదో మంచం నర్సు మరో రోగిని పక్కకి తిప్పడానికి సాయం పట్టింది. మోగింది. అటుగా వెళ్తున్న పిచ్చుక నొక్కింది. కాసేపు నోరు మూసుకుని మెషీన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎవరు నొక్కారో ఎవరికీ గుర్తులేదు. నేనే నొక్కానేమో కూడా నాకు తెలియదు. నిజంగానే తెలియదు. మూడోసారి మోగేసరికి ఆయన పెదాలు నీలంగా అయిపోయాయి. గొంతులోకి గొట్టం వేసి బతికించాం. మనిషి దక్కాడు, మాట ముద్దగా వస్తోంది. ఇక స్టీరింగ్ పట్టుకోగలడో లేడో డాక్టర్లు చెప్పడం లేదు. ఆయన భార్య ఫిర్యాదు పెట్టింది. పెట్టకుండా ఎలా ఉంటుంది? నేనైనా పెడతాను.

మొదటిసారి నొక్కింది నేనేనని పిచ్చుక అడగకముందే చెప్పేసింది. రెండోసారి నొక్కినవాళ్ళ పేరు దొరకలేదు కాబట్టి, రెండూ దాని తలకే చుట్టారు. విచారణ కమిటీ వేసి నర్సు రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తారట. అంటే ఆ పిల్ల ఇక ఎక్కడా నర్సుగా పనిచెయ్యలేదు.

నేను ఊరుకోను.

వదిన


కంపెనీ, శబ్దాల గది

వదినా,

నీ ఉత్తరం అందింది. డ్రైవరు గారి సంగతి చదివాక చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నా గదికి కిటికీ లేదు కాబట్టి తడిసిన గొడుగుల్ని బట్టి తెలుసుకుంటున్నాను. అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? విచారణ ఏ తేదీన పెట్టారో, కమిటీలో ఎవరెవరున్నారో రాయి. చెంచా చప్పుడు మార్చాను.

ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

నీ ఆడపడుచు


ఆస్పత్రి క్వార్టర్స్

కంపెనీ వారికి,

మీ అన్నయ్య మోకాలు బాగానే ఉంది. వానలు ఇక్కడ కూడా పడుతున్నాయి.

సూపరింటెండెంట్ గారు నన్ను గదికి పిలిచి, టైపు చేసిన కాగితం ముందుకి తోశారు. పిచ్చుక పనిలో నిర్లక్ష్యంగా ఉంటుందనీ, ఇంతకు ముందు కూడా నేను మందలించాననీ అందులో ఉంది. నేను ఎప్పుడూ మందలించలేదని చెప్పాను. ఇప్పుడు మందలించినట్టు అనుకోండి, ఆస్పత్రి పరువు నిలబడుతుందన్నారు. అలా అనుకోవడం నాకు చేతకాదని కాగితం తిరిగి తోశాను. రిటైర్మెంట్ దగ్గరపడుతున్న మనిషివి, ఆలోచించుకో అన్నారు. ఆలోచించుకున్నాననీ, కావాలంటే నన్ను కూడా ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టమనీ చెప్పి వచ్చేశాను.

అంతవరకూ బాగానే ఉన్నాను. నేను ఆగిపోయింది వరండాలో. అక్కడ బోర్డు మీద సాక్షుల పేర్లు అంటించారు. మెషీన్ లోపం లేకుండా పనిచేసిందని నిరూపించడానికి కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వస్తోంది. ఆ ఇంజనీరు ఎవరో నీకు నేను చెప్పాలా?

గొడుగుల గురించి రాశావు. ఈ ఒక్క ముక్క రాయడానికి నీకు సిరా లేకపోయిందా? మీ లాయరు మాటల్ని నాకు కథలా చెప్పినదానివి, ఇప్పుడు ఆ మాటల్నే మోసుకొచ్చి ఆ పిల్ల మెడకి చుడతావా? ఉద్యోగం పోతుందని భయమైతే ఆ మాట చెప్పు. భయపడితే తప్పు లేదు. నా దగ్గర దాచడం తప్పు.

హెడ్ నర్సు


కంపెనీ

హెడ్ నర్సు గారికి,

అవును, వస్తున్నాను. వేరేవాళ్ళని పంపుతామంటే నేనే వెళ్తానని పట్టుబట్టి ఒప్పించాను.

మెషీన్ మోగాల్సినప్పుడు మోగింది. కమిటీ అడిగితే అదే చెప్తాను, అది నిజం కాబట్టి.

అక్కడ మానిటర్‌ని మనిషికి తగిలించి పనిచేయించి చూపించాలి. గుండె తీగలు ఛాతీ మీద పెట్టాలి కాబట్టి నాకు ఒక మంచం, దాని చుట్టూ తెర కావాలి. మెషీన్ మాత్రం తెర బయట, కమిటీ బల్ల పక్కనే, అందరి చేతికీ అందేలా ఉండాలి. ఇది నువ్వే ఏర్పాటు చెయ్యి. ఎందుకని అడగొద్దు.

నన్ను నమ్మమని అడగను. నువ్వు నమ్మినట్టు కనపడితే అక్కడ నా పని చెడుతుంది. ఎంత మొహం మాడ్చుకోగలిగితే అంత మాడ్చుకుని కూర్చో. ఆ విద్యలో నీకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఇంజనీరు


నా అద్దె గది

వదినా,

విచారణ జరిగి మూడు రోజులైంది, ఇవాళ ఆఫీసు నుంచి గదికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను. తెర లోపల జరిగింది నీకు తెలియదు, తెర బయట జరిగింది నాకు తెలియదు. ముందు నా వైపుది చెప్తాను.

మానిటర్లని పరీక్షించడానికి మా దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఉత్తుత్తి రోగి అంటాం. తీగలు దానికి తగిలిస్తే అందులో గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది. మీట తిప్పితే నీరసపడుతుంది, ఇంకా తిప్పితే ప్రాణం పోతుంది. దాన్ని సంచిలో తెచ్చాను. తెర వేశాక తీగలు నా ఒంటికి కాదు, దానికి తగిలించాను. దుప్పటి కప్పుకుని పెట్టెని కడుపు మీద పెట్టుకుని పడుకున్నాను. నవ్వొచ్చింది, భయం కూడా వేసింది.

మొదట్లో క్లిప్పు జారినట్టు ఊరికే మోగించాను. నాతో వచ్చిన మా మేనేజర్, చూశారా ఎంత చురుగ్గా ఉందో అని గర్వంగా చెప్పాడు. మళ్ళీ మోగించాను. మళ్ళీ. కమిటీ వాళ్ళకి మాటలు వినపడక గొంతులు పెంచారు. తర్వాత ఎవరో విసుక్కున్నారు. అప్పుడు మీట తిప్పాను. ఐదో మంచంలో జరిగినట్టే, ఉత్తుత్తి రోగికి ఊపిరి తగ్గుతూ వచ్చింది. మానిటర్ మీద అంకె పడిపోతూంటుంది, మోత మాత్రం క్లిప్పు జారినప్పటి మోతే. మా మెషీన్‌కి రెండిటికీ ఒకటే గొంతు కదా. మొదటిసారి నొక్కింది మా మేనేజర్, ఉంగరం బటన్‌కి తగిలిన చప్పుడు నాకు తెలుసు. కాసేపటికి మళ్ళీ మోగింది. ఎవరో మళ్ళీ నొక్కారు. నేను మీట చివరిదాకా తిప్పేశాను. అలా చచ్చిపోయి పడుకుని, ఎవరైనా తెర తీసి చూస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు, వదినా. ఉత్తుత్తి చావే అయినా ఏడుపొచ్చింది.

అప్పుడు నీ గొంతు వినపడింది. "ఇప్పుడు నొక్కింది ఎవరు?" అని అడిగావు. జవాబు వినేలోపే మేనేజర్ తెర తోసుకుని లోపలికొచ్చి పెట్టెని చూశాడు, నా రెక్క పట్టుకుని వెనక తలుపులోంచి కారెక్కించాడు. ఆఫీసుకి చేరాక, నీ అంతట నువ్వే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుందన్నారు. నేనివ్వనన్నాను. తీసేస్తే తీసెయ్యండి, ఎందుకు తీశారో కాగితం మీద రాసివ్వండి అన్నాను. దాని మీద లాయరు మూడు రోజుల నుంచి ఆలోచిస్తున్నాడట.

నీకు ముందే చెప్పనందుకు తిట్టు. నువ్వు అబద్ధం ఆడలేవు, నీ మొహం అస్సలు ఆడలేదు. అందుకే చెప్పలేదు.

రెండోసారి నొక్కింది ఎవరు?

నీ ఆడపడుచు


ఆస్పత్రి క్వార్టర్స్,
వంటింటి బల్ల దగ్గర నుంచి

నా బంగారానికి,

ముందు తిట్టు తీసుకో. దొంగదానా, నన్ను అన్నాళ్ళు ఉడికించావు. నీ పేరెత్తితే మీ అన్నయ్య మీద కూడా విరుచుకుపడ్డాను. పాపం ఏ పాపమూ ఎరగని మనిషి రెండు పూటలు చల్లారిన అన్నం తిన్నారు.

ఇప్పుడు తెర బయటిది విను. సూపరింటెండెంట్ గారు లేచి పిచ్చుక మీద అభియోగం పైకి చదవడం మొదలుపెట్టారు. "రోగి పరిస్థితిని గమనించకుండా అలారాన్ని నిలిపివేయుట ద్వారా" అనే ముక్క దగ్గర, మీ మేనేజర్ ఒకసారి నోరు మూయించిన నీ మెషీన్ మళ్ళీ మోగింది. ఆయన చదువు ఆపలేదు. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. ఎడమ చెయ్యి చాపి బటన్ నొక్కి, మిగతా వాక్యం పూర్తిచేశారు.

మెషీన్ తెర బయట ఎందుకు పెట్టమన్నావో అప్పుడు అర్థమై, నేను లేచి అడిగాను. కమిటీలో డాక్టర్లు మానిటర్ మీద అంకె అప్పుడు చూశారు, చూసి తలలు దించుకున్నారు. ముందు వరసలో డ్రైవరు గారి భార్య కూర్చుని ఉంది. ఆవిడ మొదటినుంచీ ఆ మెషీన్ మీంచి చూపు తిప్పలేదట. లేచి నిలబడి, సూపరింటెండెంట్ గారి వైపు వేలు చూపించింది.

"ఈయన నొక్కారు. మొదటిసారి ఆ ఉంగరమాయన. మా ఆయనకి కూడా ఇలాగే చేశారా?"

సూపరింటెండెంట్ గారు తేరుకుని, ఇదంతా నాటకమనీ, కమిటీని మోసం చేశారనీ కేకలేశారు. నాటకమే సార్, అందుకే ఇవాళ ఎవరూ పోలేదు, తెర తీసి చూడండి అన్నాను. అప్పటికే నిన్ను లాక్కుపోయారు. తెర తీస్తే ఖాళీ మంచం ఉంది.

డ్రైవరు గారి భార్య పిచ్చుక దగ్గరికి వెళ్ళింది. కొడుతుందేమోనని నేను అడ్డం వెళ్ళాను. ఆవిడ కొట్టలేదు. "నీ మీద నాకు కోపం పోలేదమ్మా, పోదు కూడా. కానీ నిన్నొక్కదాన్ని పంపించేస్తే రేపు ఇంకో పిల్ల నొక్కుతుంది," అంది. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఆస్పత్రివాళ్ళు అప్పుడు బతిమాలారు. ఆవిడ తీసుకోలేదు, తిరగ రాసింది. అందులో పిచ్చుక పేరు లేదు. ఆస్పత్రి పేరు ఉంది, మీ కంపెనీ పేరు ఉంది. మీ లాయరు మూడు రోజులుగా ఆలోచిస్తున్నది నీ కాగితం గురించి కాదు.

కమిటీ అభియోగం వదిలేసింది, పిచ్చుక మళ్ళీ డ్యూటీలో చేరింది. కమిటీని అవమానించినందుకు నాకు ఒక మెమో వచ్చింది, మీ అన్నయ్య దానికి ఫ్రేము కట్టిద్దామంటున్నారు. మా డాక్టర్లు ఇద్దరు నీ శబ్దాల్ని కొన్ని మంచాల దగ్గర పెట్టి చూద్దామని రాసిచ్చారు. సూపరింటెండెంట్ గారు ఔననలేదు, కాదనలేదు. అనకపోతే పోనీ. ఔననిపించేదాకా ఆ గది ముందు నుంచి నేను కదలను. కంపెనీ నిన్ను తీసేస్తే పెట్టె సర్దుకుని వచ్చెయ్యి. నీ మోతల్లో నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి, మొహం మీదే చెప్తాను.

మా అలవాటు మాత్రం నేను మాన్పించాను. ఇప్పుడు ఎవరి మంచం మోగినా, పక్కవాళ్ళు బటన్ జోలికి పోరు. వెళ్ళి ముందు మనిషి మొహం చూడాలి, ఆ మంచం నర్సుని పిలిచి ఏం చూశారో చెప్పాలి. ఆవిడే వచ్చి ఆపాలి. దీనివల్ల వార్డులో గోల ఇంకా పెరిగింది. పెరగనీ. ఆ గోల ఎవరిదో, ఎవరు పుట్టించారో అందరూ కాసేపు నిలబడి వినాలి.

నిన్న సూపరింటెండెంట్ గారు రౌండ్సుకి వచ్చారు. ఆయన పక్కనే ఒక మంచం మోగింది. ఆ మంచం నర్సు అవతలి చివర ఉంది. పిచ్చుక పరిగెత్తుకొచ్చి, ఆయన్ని దాటుకుని వెళ్ళి, రోగి మొహంలోకి వంగి చూసి, గోళ్ళు చూసి, ఆ నర్సుని గట్టిగా పిలిచింది. ఆవిడ చేతులు కడుక్కుని రావాలి కదా, ఆలస్యమైంది. మెషీన్ చెవి పక్కనే అరుస్తోంది. ఆయన మొహం కందిపోయింది, ఒకసారి బటన్ వైపు చూశారు, తర్వాత వార్డులో ఉన్న మా అందరి వైపూ చూశారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు. మోగినంతసేపూ అలాగే నిలబడ్డారు.

నీ వదిన